తూటా నింపిన చెయ్యి



పోయిన వారం క్లాసు అయిపోయాక ఒక కుర్రాడు ఫోన్ పట్టుకొని వచ్చాడు. "సార్, ఇది చూడండి" అన్నాడు. అమెరికాలో ఎవరో పెద్దాయన కారు షెడ్డులో బల్ల వేసుకొని కూర్చున్నాడు. బల్లకి ఒక చిన్న ప్రెస్సు బిగించి ఉంది. పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, వాటిలో మళ్ళీ కేపు, మందు, గుండు పెట్టి కొత్త తూటాలు చేస్తున్నాడు. దీన్ని రీలోడింగ్ అంటారట. అక్కడ అదొక హాబీ. రిటైరైనవాళ్ళు సాయంత్రాలు గడపడానికి చేసుకొనే పని.

"మన దగ్గర ఇలాంటి సరదా ఎవరికైనా ఉండేదా సార్?" అని అడిగాడు.

ఉండేది. మా తాతకి ఆ పని బాగా వచ్చు. సరదా మాత్రం ఆయనది కాదు.

మాది అరసవల్లి. ఏటా రెండుసార్లు, మార్చిలో, అక్టోబరులో, సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని తెల్లవారకముందే జనం వరుస కట్టే ఊరు. మా పేట ఆ గుడి వీధులకు ఎడంగా ఉంటుంది. తాత నాగావళి అవతల ఒక ఊళ్ళో బుగత దగ్గర కంబారి. కారా మాస్టారి 'యజ్ఞం' చదివినవాళ్ళకి కంబారి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఆ బుగతకి రెండు గొట్టాల తుపాకీ ఉండేది. చలికాలం తంపరలో బాతులు, కొండవార అడవిపందులు. తుపాకీ బుగతది, లైసెన్సు బుగతది, వేట బుగతది. వేటకి ముందు రాత్రి పశువుల సాలలో కూర్చొని ఖాళీ గొట్టాలు నింపేది మాత్రం మా తాత. ఇత్తడి గొట్టాలు పారేసేవారు కాదు. పేలిన ప్రతిదాన్నీ బురదలో వెతికి తేవాలి. ఒకటి తగ్గితే తిట్లు.

మా నాయనమ్మ ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఒకటే మాట అనేది: "మీ తాత ముట్టుకున్న నీల్లు బుగత తాగడురా. మీ తాత ముట్టుకున్న తూటా మాత్రం జేబులో ఎట్టుకుని ఊరంతా తిరిగీవోడు."

1964 ప్రాంతంలో ఒక రాత్రి కేపు బిగిస్తుంటే పేలింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆసుపత్రిలో "దీపావళి టపాకాయ" అని చెప్పాడు. దీపావళి వెళ్ళి అప్పటికి నెల దాటింది. రాసుకున్నవాళ్ళు ఇంకో ప్రశ్న వేయలేదు. నిజం చెబితే కేసు బుగత మీదకి పోదని, తన మీదకే వస్తుందని తాతకి తెలుసు. బుగత ఇంటి నుంచి ఒక బస్తా ధాన్యం వచ్చింది. తర్వాతి చలికాలానికి ఆ సాలలో ఇంకో కంబారి కూర్చున్నాడు.

నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. అక్షరాన్ని తూటాతో పోల్చిన కవిత్వం లెక్కలేనంత చదివాను. తూటా నింపిన చేతి మీద కవిత నా కంట పడలేదు. చరిత్రలో మాత్రం ఒకచోట ఆ చెయ్యి కనబడుతుంది.

1857 జనవరి. కలకత్తా దగ్గర డమ్‌డమ్. కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకీ వాడకం నేర్పే చోటు. అప్పటి తూటా కాగితం పొట్లం. అందులోనే మందు, గుండు. సిపాయి దాని మొన పళ్ళతో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దట్టించాలి. పొట్లానికి కొవ్వు పూసి ఉంటుంది. ఆ తూటాల కొట్లో పనిచేసే ఒక తక్కువ కులం ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్ళడిగాడు. కులం పోతుందని సిపాయి ఇవ్వలేదు. ఖలాసీ ఊరుకోలేదు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు రేపు నోటితో కొరకబోతున్నావు, అప్పుడు నీ కులం ఏమవుతుందని నిలదీశాడు. ఆ మాట బారకాసులన్నీ చుట్టేసింది. ఆ నెలలోనే ఇంగ్లీషు అధికారుల ఉత్తరాల్లోకీ ఎక్కింది.

మార్చి 29న బారక్‌పూర్‌లో తిరగబడిన మంగళ్ పాండే పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఆ ఖలాసీ పేరు అధికారుల ఉత్తరాల్లో లేదు. ఉత్తరాది దళితులు ఆయన్ని మాతాదీన్ భంగీ అని తలచుకుంటారు.

ఈ కథను మనవాళ్ళు సాధారణంగా "తిరుగుబాటుకి నిప్పు పెట్టింది మనవాడే" అని చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది ఆయన చేస్తున్న పని. తూటా ఆయన చేతి మీదుగా వెళ్ళి సిపాయి నోట్లోకి పోతుంది. లోటా మాత్రం ఆయన చేతికి రాదు. డమ్‌డమ్‌కీ మా తాత కూర్చున్న సాలకీ మధ్య వందేళ్ళు. మా నాయనమ్మ ఆ ఖలాసీ గురించి ఎప్పుడూ వినలేదు. అయినా అదే మాట అంది.

తర్వాత కాగితం తూటా పోయింది. 1866 ప్రాంతంలో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ అనే ఇద్దరు సైనికాధికారులు లోహపు గొట్టం తూటాకి రెండు రకాల కేపులు తెచ్చారు. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అందులో పాత కేపు తీయడం తేలిక. అక్కడ ఇంటింటా రీలోడింగ్ పెరగడానికి అదీ ఒక కారణం. కాగితం కాలిపోతుంది, ఇత్తడి మిగులుతుంది. అలా మిగిలినదాన్ని ఏరే పని, నింపే పని పుట్టింది. అమెరికాలో పేల్చినవాడే దాన్ని ఏరుకున్నాడు. మన దగ్గర కంబారి ఏరాడు.

అమెరికాలో అందరూ ఏరుకోగలిగారా అంటే అదీ లేదు. 1857 మార్చిలో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నల్లవారు పౌరులు కారంది. పౌరులని ఒప్పుకుంటే ఆయుధాలు పట్టుకు తిరిగే హక్కు కూడా ఇవ్వాల్సి వస్తుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం లైసెన్సు లేకుండా నల్లవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని చట్టం చేసింది.

ఇక్కడ 1878 ఆయుధాల చట్టం భారతీయుల్ని లైసెన్సు కిందకి తెచ్చి, యూరోపియన్లని వదిలేసింది. అంతకు ముందే, 1861లో, కొడగువారికి మినహాయింపు వచ్చింది. అది ఇప్పటికీ ఉంది: కొడవ జాతిలో పుట్టినవారికి, జమ్మా భూమి ఉన్నవారికి కొన్ని రకాల తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. పుట్టుక, భూమి. ఈ రెండే అర్హతలు.

మహర్ల సంగతి చూడండి. బాంబే సైన్యంలో తరాలుగా పనిచేశారు. అంబేద్కర్ తండ్రి సుబేదారు. 1890ల్లో వాళ్ళ చేరిక ఆపేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో అవసరమొచ్చి 1917లో 111వ మహర్లు అని ఒక దళం పెట్టారు. 1921లో రద్దు చేశారు. మళ్ళీ యుద్ధమొస్తే 1941లో మహర్ రెజిమెంట్ పెట్టారు.

ఇతర దేశాల్లో వచ్చిన సామాజిక విప్లవాలు ఇక్కడెందుకు రాలేదని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ అడిగారు. చాతుర్వర్ణ్యం కింది వర్గాలకు ఆయుధం, చదువు రెండూ లేకుండా చేసిందన్నది ఆయన జవాబు. దానికి తాత వేళ్ళు చూసినవాడిగా నేను ఒక్కటి కలుపుతాను. మందుగుండు నుంచి కింది కులాలని ఎవరూ దూరం పెట్టలేదు. బిహార్‌లో నేల నుంచి సురేకారం తీసింది నూనియా కులస్థులు. యూరప్ యుద్ధాలు ఆ సురేకారంతో నడిచాయి. ప్రమాదం ఉన్న పని కింది చేతులకి ఇచ్చారు, హక్కు పై చేతుల్లో ఉంచుకున్నారు.

ఆ హక్కు ఎవరి మీద పేలుతుందో మన జిల్లాకి తెలుసు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులు పేలాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో బయటపడ్డారు. శ్రీకాకుళ పోరాటం మొదలైంది ఆ రక్తంలోంచే.

ఇక ఆ కుర్రాడికి, మీకు, రెండు మాటలు.

మొదటిది: ఆ వీడియో చూసి సరదా పడొద్దు. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్ ప్రకారం తూటా విడిభాగాలు, తూటా చేసే యంత్రం కూడా 'తూటా' కిందకే వస్తాయి. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తర్వాత 7 ఏళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా. ఆ కేసు ఎవరి పిల్లల మీద ముందు పడుతుందో మీకు తెలుసు.

రెండోది: మీరు చదవాల్సింది వేరే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు, 1995. అందులో 3వ నిబంధన. అత్యాచారం జరగవచ్చని అనుమానం ఉన్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆయుధాలు జమ చేయించాలి. వారివే కాదు, వారి దగ్గరి బంధువులు, పనివాళ్ళు, కుటుంబ స్నేహితులవి కూడా. అక్రమ ఆయుధాల తయారీ ఆపాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకే రక్షణ కోసం లైసెన్సులు ఇవ్వాలి. ఇది చట్టంలో ఉన్న మాట.

'పనివాళ్ళు' అన్న పదం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెద్దవాళ్ళ తుపాకీ వెనక పనివాడి చెయ్యి ఉంటుందని ఈ నిబంధన రాసినవాళ్ళకి తెలుసు.

2012 జూన్ 12న, అప్పటి మన జిల్లాలోని లక్ష్మీపేటలో 5గురు దళితుల్ని చంపారు. మడ్డువలస ప్రాజెక్టు మిగులు భూముల తగాదా ఆ ఒక్క రాత్రిలో పుట్టింది కాదు. ముందే గుర్తించి, ముందే ఆపమని చెప్పే నిబంధన అప్పటికి 17 ఏళ్ళుగా పుస్తకంలో ఉంది.

నేను మిమ్మల్ని తుపాకీ అడగమనడం లేదు. 10 రూపాయల ఫీజు కట్టి కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన జిల్లాలో 3వ నిబంధన కింద ఏ ఊళ్ళు గుర్తించారు? ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు? ఎన్ని ఆయుధాలు జమ అయ్యాయి? జవాబు 30 రోజుల్లో రావాలి. వచ్చిన కాగితం నాకు పంపండి, కలిసి చదువుదాం.

మా తాత సంతకం పెట్టడం నేర్చుకున్నది ఆ ప్రమాదం తర్వాతే. ఎడమచేత్తో. నన్ను బళ్ళో వేసిన రోజు రిజిస్టరులో సంతకం ఆయనదే. ఈ దరఖాస్తు నమూనా రాస్తున్నప్పుడు ఆ వంకర అక్షరాలే గుర్తుకొచ్చాయి.

వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం. జై భీమ్.