కలుగుల్లో బతికే ప్లేగు

ప్లేగు అనగానే మనకు ఊరి ఎలుకలే గుర్తొస్తాయి. ఇంటి చూరులోంచి ఎలుకలు వరసగా రాలిపడితే ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయిన తరం మనకు మరీ దూరపుది కాదు. అయితే ఆ జబ్బు ఊళ్లో పుట్టింది కాదు. బీళ్లలో, గడ్డి మైదానాల్లో, కొండవాలుల్లో కలుగులు తవ్వుకుని బతికే అడవి జంతువుల మధ్య అది వేల ఏళ్లుగా ఉంది. ఈ సంగతి శాస్త్రవేత్తలకు పూర్తిగా అర్థమయ్యేసరికి అర్ధ శతాబ్దం గడిచిపోయింది. ఇప్పటికీ మన ఆరోగ్య విధానాల్లో దానికి దక్కాల్సిన చోటు దక్కలేదని నా బాధ.

1894లో హాంకాంగ్‌లో ప్లేగు విరుచుకుపడినప్పుడు అలెగ్జాండర్ యెర్సిన్ ఒక గడ్డి పాకలో మైక్రోస్కోపు పెట్టుకుని, చనిపోయినవారి గజ్జల్లో కట్టిన బిళ్లల నుంచి బాక్టీరియాను పట్టుకున్నాడు. వీధుల్లో చచ్చిపడిన ఎలుకల్లోనూ అదే కనిపించింది. రెండేళ్లకు వ్యాధి బొంబాయి చేరింది. 1897 జనవరిలో హాఫ్కిన్ తాను తయారుచేసిన టీకాను ముందు తన ఒంటికే వేయించుకున్నాడు. అదే ఏడాది అంటువ్యాధుల చట్టం వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒక్క మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు.

ఎలుక నుంచి మనిషికి జబ్బు ఎలా వస్తోంది? 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోండ్ జబ్బుపడిన ఎలుకను దాని ఒంటి మీది ఫ్లీ పురుగులతో సహా ఒక గాజు జాడీలో ఉంచాడు. ఒకదానికొకటి తగలకుండా ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎలుకను జాలీ పంజరంలో పెట్టి అందులోకి దించాడు. కొద్ది రోజులకు రెండోదీ ప్లేగుతో చచ్చిపోయింది. మధ్యవర్తి ఫ్లీ అని అతను రాస్తే చాలామంది నమ్మలేదు. ఆ మాట నిజమని తేల్చింది కొన్నేళ్ల తర్వాత మన దేశంలోనే జరిగిన ప్లేగు కమిషన్ పరిశోధనలు. 1914లో బకోట్, మార్టిన్ ఇంకో ముడి విప్పారు. బాక్టీరియా పెరిగి పెరిగి ఫ్లీ గొంతుకు అడ్డం పడుతుంది. తాగిన నెత్తురు లోపలికి దిగదు. ఆకలి తీరని పురుగు మళ్లీ మళ్లీ కుడుతూ, ఆ బాక్టీరియానే గాయంలోకి కక్కుతుంది.

ఇంతవరకూ అందరి చూపూ నగరాల మీదే ఉంది. బొంబాయిలో ఇరుకు వాడలు కూల్చారు. హైదరాబాదులో 1911 ప్లేగు తర్వాత, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. అవి అవసరమైన పనులే. కాని ఆ సమయానికే మంచూరియా మరో సంగతి చెబుతోంది.

1910 చలికాలంలో అక్కడ బయటపడిన ప్లేగుకు మూలం మార్మాట్. గడ్డి మైదానాల్లో కలుగుల్లో ఉండే ఈ బొద్దు జంతువు బొచ్చుకు గిరాకీ పెరగడంతో బయటి నుంచి కొత్తవాళ్లు వేటకు దిగారు. తూలుతూ నెమ్మదిగా నడిచే మార్మాట్‌ను తరతరాల వేటగాళ్లు ముట్టుకోరు. కొత్తవాళ్లకు ఆ ఎరుక లేదు. సులువుగా దొరికే జంతువునే వాళ్లు ముందు పట్టుకున్నారు. రైలు దారుల వెంట వ్యాధి పాకింది. పెనాంగ్‌లో పుట్టిన యువ వైద్యుడు వూ లియన్‌తే, ఇది ఊపిరితిత్తులకు పట్టిన ప్లేగని, శ్వాస ద్వారా అంటుతోందని గుర్తించి నూలు మాస్కులు కట్టించాడు. అయినా కొద్ది నెలల్లో దాదాపు 60,000 మంది చనిపోయారు. శాస్త్రం కంటే ముందే వేటగాళ్లకున్న ఆ జాగ్రత్తను ఎవరైనా అడిగి తెలుసుకుని ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

1900లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరిన ప్లేగు కొన్నేళ్లలోనే కాలిఫోర్నియా నేల ఉడుతల్లోకి పాకింది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల అడవి జంతువుల్లో అది నేటికీ ఉంది. ప్రెయిరీ డాగ్ అనే కలుగు జంతువుల గుంపులకు గుంపులే తుడిచిపెట్టుకుపోతాయి.

చంపుకుంటూ పోయే బాక్టీరియా తానెలా మిగులుతోంది? ఇరాన్ కుర్దిస్తాన్ కొండల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మార్సెల్ బాల్టజార్ జవాబు కనుక్కున్నాడు. ఒకే చోట ఉండే జెర్బిల్ ఎలుకల్లో కొన్ని జాతులు వ్యాధిని తట్టుకుని దాన్ని నిలబెడతాయి. మరికొన్ని దానికి బలై చుట్టుపక్కలకు వెదజల్లుతాయి. తర్వాత అతను మన దేశానికి వచ్చి, ఇక్కడి ప్లేగుకు అసలు ఆధారం పొలాల్లో ఉండే భారతీయ జెర్బిల్ అని 1960లో వెల్లడించాడు. ఊరి ఎలుక మనలాగే ఈ జబ్బుకు బలైపోయేది. 2022లో ఇంకా లోతైన ఆధారం దొరికింది. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్‌కుల్ సరస్సు దగ్గర 1338-39 నాటి సమాధుల్లోని పళ్ల నుంచి తీసిన డీఎన్ఏలో ప్లేగు బాక్టీరియా బయటపడింది. దానికి అతి దగ్గరి బంధువులు ఈనాటికీ ఆ టియాన్‌షాన్ కొండల మార్మాట్‌లలోనే ఉన్నాయి.

మలేరియా కోసం ఇళ్లలో చల్లిన డీడీటీకి ఫ్లీ పురుగులు చచ్చాయి, స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు వచ్చాయి. 1966లో కోలార్ జిల్లా ముళబాగిలు ప్రాంతంలో నమోదైన కేసు తర్వాత ప్లేగు పోయిందనే అనుకున్నాం. 28 ఏళ్లకు, 1994లో, మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలోనూ ఆపైన సూరత్‌లోనూ అది మళ్లీ కనిపించింది. సూరత్ నుంచి లక్షల జనం రైళ్లెక్కి పారిపోయారు. మనుషుల్లో కేసులు లేకపోవడాన్ని వ్యాధే లేకపోవడంగా లెక్కగట్టిన తప్పు అప్పుడు తెలిసొచ్చింది.

అందుకే ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే ముక్కూడలి మీద నిఘా ఆపకూడదు. పాత ప్లేగు స్థావరంగా పేరుపడిన ఈ ప్రాంతంలో బెంగళూరులోని నిఘా కేంద్రం పొలం ఎలుకలను పట్టి, నెత్తురులో ప్లేగు జాడ ఉందేమోనని పరీక్షిస్తూ వచ్చింది. ఏ కేసూ లేని సంవత్సరాల్లో ఈ పని వృథా ఖర్చులా కనిపిస్తుంది. దాని విలువ హిమాచల్‌ప్రదేశ్‌ను చూస్తే తెలుస్తుంది. 2002 ఫిబ్రవరిలో సిమ్లా జిల్లా హాట్‌కోటి దగ్గర ఒక వేటగాడు అడవి పిల్లి చర్మం వలిచాడు. అతనికి జ్వరం, దగ్గు, తర్వాత నెత్తురు కళ్లె. చూడవచ్చిన చుట్టాలకూ సోకింది. మొత్తం 16 మంది జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. ప్రయోగశాల అది ప్లేగేనని తేల్చింది. వాళ్లతో మెలిగిన వారందరికీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. వ్యాధి ఆ లోయ దాటలేదు.