కనుమ నాడు కదిలే జంట

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పండక్కి వచ్చిన కూతుర్నీ అల్లుణ్నీ ఇంకొక్క రోజు ఆపుకోవడానికి ఇంటి పెద్దలు అడ్డం వేసే సామెత అది. ఆ రోజు మినుము కొరకాలి, పశువుల్ని కడిగి కొమ్ములకు రంగులు పూయాలి, మిగిలిన అరిసెల సంగతి చూడాలి. పొలిమేర మాత్రం దాటకూడదు. శ్రీకాళహస్తిలో సరిగ్గా ఆ రోజే ఊరికి పెద్దదిక్కయిన దంపతులు ఇల్లు విడిచి కొండదారి పడతారు.

కాళహస్తీశ్వరుడు, జ్ఞానప్రసూనాంబ ఉత్సవమూర్తులు చేసే ఈ ప్రయాణమే కైలాసగిరి ప్రదక్షిణ. ఊరి వెనకున్న కొండల వరసను చుట్టి రావాలంటే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు నడక. ఏడాదికి రెండుసార్లు ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ వాళ్ల వెంట కదులుతాయి. మొదటిది కనుమ నాడు. మహాశివరాత్రి ఉత్సవాల్లో తమకు జరగబోయే పెళ్లికి కొండల్లో ఉండే మునుల్నీ దేవతల్నీ పిలవడానికి స్వామీ అమ్మవారూ స్వయంగా బయల్దేరతారని చెబుతారు. రెండోది ఆ పెళ్లయ్యాక, బ్రహ్మోత్సవాలు ముగింపుకొచ్చే రోజుల్లో. పిలుపుకు వచ్చిన చుట్టాల్ని సాగనంపడానికట. పెళ్లి పిలుపులకు ఆలూమగలు కలిసి వెళ్లడం, వచ్చినవాళ్లను పొలిమేర దాకా దిగబెట్టడం మన ఇళ్లలో ఉన్న మర్యాదే. కాళహస్తి దాన్ని కొండంత చేసింది.

ఆ పెళ్లి కూడా మామూలుగా జరగదు. పెళ్లి రాత్రి అమ్మవారు అలుగుతుంది. చండికేశ్వరుడు ఇద్దరి మధ్యా తిరుగుతూ రాయబారం నడుపుతాడు. అలక తీరాక ఆదిదంపతుల కల్యాణం, దాంతోపాటే వీధుల్లో బారులు తీరి కూర్చున్న మామూలు జంటల పెళ్లిళ్లు. స్వామి మెడలో దండ పడే వేళకే తమ తాళీ పడాలని ఏటా ఎన్నో కుటుంబాలు ఇక్కడికొచ్చి ముహూర్తం పెట్టుకుంటాయి. ఆ తర్వాత జరిగే ప్రదక్షిణలో పసుపుతాడు ఇంకా పచ్చిగా ఉన్న జంటలు కనిపిస్తే ఎవరికీ వింతగా ఉండదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు వారాంతంలో కొండలు తిరగడం ఇప్పటి సరదా అనుకునేవాళ్లు ఈ ఊరి పంచాంగం ఒకసారి తిప్పి చూడాలి.

అయితే ఒక తేడా ఉంది. తెలుగులో కొండెక్కడం అనే మాటకు సరదా అర్థమే లేదు. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని. ధర కొండెక్కిందంటే కొనలేమని. మనిషి కొండెక్కి కూర్చున్నాడంటే బతిమాలించుకుంటున్నాడని. మొక్కు కోసమో, కట్టెల కోసమో, మేకల వెనకో కొండెక్కిన జాతికి ఊరికే ఎక్కి దిగిరావడం ఒక పనిగా తోచలేదు. అందుకే ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు ‘ట్రెక్కింగ్‌కి వెళ్లాం’ అంటారు. వాళ్లను తప్పు పట్టలేం, వేరే మాట ఎవరూ చేసిపెట్టలేదు.

ఈ కొండ మీది మొదటి నడక కథ కూడా ఒక పనివాడిదే. తిన్నడు బోయవాడు. పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో రాసిన పెరియపురాణం ప్రకారం పందిని వేటాడుతూ స్వర్ణముఖి ఒడ్డుకు వచ్చి, అవతల కనబడ్డ కొండ మీద మనసుపడ్డాడు. దగ్గరికి వెళ్తున్నకొద్దీ తన మీదున్న బరువేదో దిగిపోతున్నట్టుందని తోటివాడితో అంటాడు. మొదటిసారి కొండదారి పట్టినవాళ్లకు సగం దారిలో సరిగ్గా దీనికి విరుద్ధంగా అనిపిస్తుంది, అది వేరే సంగతి. ఆ తర్వాత అతను సామాను సర్దుకున్న తీరు చూడండి. ఒక చేతిలో విల్లు, ఇంకో చేతిలో దొప్పలో కాల్చిన మాంసం, జుట్టులో తురుముకున్న పూలు, అభిషేకానికి నోటినిండా నీళ్లు. వీపుసంచి లేని రోజుల్లో రెండు చేతులూ ఒక నోరూ ఉన్న మనిషి ఎంత మోయగలడో అంతా మోశాడు. రాత్రంతా విల్లు పట్టుకుని లింగానికి కాపలా కాసి, తెల్లారగానే వేటకు దిగాడు. ఆరో రోజున కన్ను పెకిలించి ఇచ్చి కన్నప్ప అయ్యాడు. మన ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తెలుగు నోళ్లకు ఎక్కించిందీ ఈ కథనే.

ఊరు ఆ బోయవాణ్ని మరిచిపోలేదు. బ్రహ్మోత్సవాలకు మొదటి జెండా ఎక్కేది గుడి ధ్వజస్తంభం మీద కాదు, గుడిని ఆనుకుని ఉన్న కన్నప్ప కొండ మీద. స్వామికి ధ్వజారోహణం ఆ తర్వాతే. అంటే ఏటా అంత పెద్ద ఉత్సవం ఒక కొండ ఎక్కడంతోనే మొదలవుతుంది.

చుట్టూ ఉన్న కొండలకూ ఇలాంటి పనులే అప్పజెప్పారు. ఒకటి దుర్గమ్మది. ఇంకొకటి కుమారస్వామిది, ఆడికృత్తిక వస్తే భుజాన కావళ్లతో జనం దాన్ని ఎక్కుతారు. కొండల లోపలికి పోతే వేయిలింగాల కోన, వానలు పడితే నీటి చప్పుడు వినిపించే చోటు. స్థలపురాణం ఇంకాస్త దూరం పోతుంది. వాయువుకూ ఆదిశేషుడికీ పంతం వచ్చినప్పుడు కైలాసం నుంచి ముక్కలు ఎగిరి పడ్డాయనీ, తిరుచిరాపల్లిలో ఒకటి, సింహళంలోని తిరుకోణమలలో ఒకటి, ఇక్కడ ఒకటి పడ్డాయనీ అంటుంది. దక్షిణ కైలాసం అనే పేరుకు మూలం అదే. అసలు కైలాసం చుట్టూ తిరగడానికి టిబెట్ దాకా పోలేనివాళ్లకు కాళహస్తి గిరిప్రదక్షిణ దగ్గరి దారి.

కొండ నడక చరిత్ర చెప్పుకునేటప్పుడు పక్కనున్న తిరుమలను వదిలిపెట్టడం కుదరదు. అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388. 1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కాళ్లున్నవాడు నడిచాడు, లేనివాడు డోలీ ఎక్కాడు. మూడో దారి లేదు. బస్సు వచ్చాక నడక అవసరం తీరిపోయింది. తీరిపోయిన అవసరం ఇష్టంగా మారింది. ఇప్పుడు అలిపిరిలో మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్లకు కొండ మీదికి బస్సుంటుందని తెలియక కాదు. తెలుగువాళ్లలో కావాలని నడవడం అనే అలవాటు ఆ 1944 తర్వాతే పుట్టిందని చెప్పినా పెద్ద పొరపాటు కాదు.

చెప్పుల తగవు మాత్రం అంతకు చాలా పాతది. తాళ్లపాక చిన్నన్న తన తాతగారి మీద రాసిన అన్నమాచార్య చరిత్రలో ఒక ముచ్చట ఉంది. చిన్నతనంలో ఇల్లు విడిచి తిరుమల కొండెక్కుతున్న అన్నమయ్య మోకాళ్ల మెట్ట దగ్గర ఆకలికి సొమ్మసిల్లి పడిపోతాడు. అలమేలుమంగ వచ్చి లేపి, కాళ్లకు చెప్పులుండబట్టే దారి కనిపించడం లేదని వాటిని విప్పిస్తుంది, తర్వాత ప్రసాదం పెడుతుంది. పాదరక్షల దుకాణంలో చీలమండ దాకా వచ్చే బూట్ల ముందు నిలబడి ధర చూసి కంగారుపడే కొత్త జంటకు ఈ కథ కొంత ధైర్యం ఇవ్వొచ్చు. నిజానికి కాళహస్తి ప్రదక్షిణలో ఉత్తికాళ్లతో నడిచేవాళ్లకు లోటుండదు. అయితే వాళ్ల అరికాళ్లు ఏళ్ల తరబడి పొలం గట్ల మీద కాచిపోయినవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాక్సుల్లో ఉన్న పాదానికి ఆ ధీమా చెల్లదు.

శని, ఆదివారాల సంగతి వేరు. మన కొండలకు తిథులు తెలుసు, నక్షత్రాలు తెలుసు. వారాంతం తెలియదు. ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో దక్కింది. తెల్లదొరలు అంతకు ముందే ఎండ పడలేక కొండలు వెతుక్కున్నారు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ ఇల్లు కట్టుకోబట్టి అది హార్స్‌లీ హిల్స్ అయింది. ఏనుగులతో తిరిగిందని చెప్పుకునే మల్లమ్మ పేరు వెనకబడి, చల్లగాలికి వచ్చిన దొర పేరు పటాలకెక్కింది. కొండను విడిదిగా చూడడం అలా మొదలైంది. అదీ గుర్రాల మీదా డోలీల్లోనూ వెళ్లి, వరండాలో కుర్చీ వేసుకుని చూడడమే. నడవడం దాన్లో భాగం కాదు.

నడకను వారాంతంతో ముడిపెట్టింది చెన్నై. సాఫ్ట్‌వేర్ కంపెనీలు రెండు రోజుల సెలవు అలవాటు చేశాక ఆ రెండు రోజులూ ఏం చెయ్యాలో తోచని కుర్రకారు వంద కిలోమీటర్ల పరిధిలో కొండలు వెతికింది. చెన్నై చుట్టూ నేల బల్లపరుపు. చెప్పుకోదగ్గ కొండలు ఎక్కువగా ఉత్తరంగా, మన వైపే ఉన్నాయి. బెల్జియం నుంచి వచ్చి స్థిరపడ్డ పీటర్ వాన్ గైట్ 2008లో చెన్నై ట్రెక్కింగ్ క్లబ్ పెట్టాడు. వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు వాళ్ల నోట తడ జలపాతం అయింది. నాగలాపురం కొండల్లోని మడుగులు శనివారం వస్తే తమిళంలో మాట్లాడడం మొదలుపెట్టాయి. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరు మీద వెలసిన ఊరు నాగలాపురం. మత్స్యావతారుడైన వేదనారాయణుడి గుడి ముందు నుంచే వాహనాలు పోతాయి. దిగి చూసేవాళ్లు తక్కువ.

చిత్రమేమిటంటే, ఆ చెన్నై పుట్టుకలోనే కాళహస్తి చెయ్యి ఉంది. కాళహస్తి జమీందార్ల ఇంటిపేరు దామెర్ల. 1639లో ఈస్టిండియా కంపెనీకి సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి చోటిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. మనం ఇచ్చిన ఇసుకలో మొలిచిన నగరం మన కొండలకే విహారానికొస్తోంది.

ఆ కోనలు అందంగా ఉంటాయి, నిజమే. కానీ కొత్తవాళ్లు మొదటి అడుగు అక్కడ వేయకూడదు. లోతు తెలియని మడుగులు, నాచు పట్టిన బండలు, పైన వాన పడితే కింద ఉన్నట్టుండి పెరిగే నీరు, వీటి మధ్య ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అటవీ శాఖ అనుమతులు బిగించింది ఊరికే కాదు. తిరుమల మెట్ల దారిలో కూడా 2023లో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత దేవస్థానం నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చింది, మధ్యాహ్నం దాటాక పిల్లల్ని ఆ దారిలో పంపొద్దంది. అప్పుడు కర్రల మీద నవ్వినవాళ్లున్నారు. మేకల కాపరి ఎవరూ నవ్వి ఉండడు.

కొత్త జంటకు కాళహస్తి ఊళ్లో ఉన్న కొండలే మంచి బడి. ఎండెక్కకముందే కన్నప్ప కొండ మెట్లెక్కితే చాలు, గుడి మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది. స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు పేరుకు తగ్గట్టు బంగారు రంగు ఇసుకే. పైనుంచి కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద గాలిగోపురానికి వయసు తక్కువ. కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచి 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్తది లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది. కింద నిలబడితే మెడ నొప్పి పుట్టించే కట్టడం పైనుంచి కొలువులోని బొమ్మలా ఉంటుంది. కొండెక్కితే కలిగే లాభాల్లో ఇదొకటి.

తర్వాతి వారం దుర్గమ్మ కొండ, ఆ తర్వాత వేయిలింగాల కోన. ఇద్దరి నడకా ఒకే వేగంగా ఉండదని ఆ రెండు వారాల్లోనే తెలుస్తుంది. ముందు నడిచేవాడు వెనక్కి తిరిగి ‘ఇంకెంత సేపు’ అన్నాడంటే అమ్మవారి అలక మొదలైనట్టే, రాయబారానికి చండికేశ్వరుడు కూడా ఉండడు. దీనికొక ఉపాయం ఉంది. సద్దిమూట వెనక నడిచేవాళ్ల దగ్గర ఉంచాలి. చిత్రాన్నం వెనక వస్తుంటే ముందున్నవాడు ఎంత దూరం పోతాడు?

అసలు పరీక్ష ప్రదక్షిణ రోజునే. ఈమధ్య మన తెలుగువాళ్లు పౌర్ణమి వస్తే బస్సులు కట్టుకుని అరుణాచలం పోతున్నారు. అక్కడి గిరివలం 14 కిలోమీటర్లు, తారు రోడ్డు, అడుగడుగునా దీపాలు, టీ కొట్లు. కాళహస్తి చుట్టు దానికంటే పొడుగు, ఇందులో అడవి పాలెక్కువ. సింహాచలం వాళ్ల ఆషాఢ పౌర్ణమి ప్రదక్షిణ 32 కిలోమీటర్లతో రెంటినీ మించిపోయింది, కానీ దాని పెద్ద భాగం విశాఖ నగర వీధుల్లోనే. అలసటలో ఒక్కోదానిది ఒక్కో రుచి. కాళహస్తిలో నడిచేవాళ్లకు దారి పొడుగునా మజ్జిగ, పానకం, అన్నం పెట్టే చేతులుంటాయి. ఆ పూట ఎవరికీ నీళ్ల సీసా బరువు గుర్తుకురాదు. స్వామి, అమ్మవార్లు కొండలు చుట్టి ఊరివైపు తిరిగేసరికి జనం ఎదురెళ్లి హారతి పడతారు. దాన్ని ఎదురుసేవ అంటారు. దూరప్రయాణం నుంచి వచ్చిన ఇంటివాళ్లకు వాకిట్లో నీళ్లిచ్చినట్టు.

ఒక్కటే ఇబ్బంది. కనుమ శని, ఆదివారాలు చూసుకుని రాదు. 2024లో మంగళవారం వచ్చింది, 2025లో బుధవారం. చెన్నైలోనో శ్రీసిటీలోనో ఉద్యోగం చేసుకునే జంట ఇద్దరూ సెలవు పెట్టాల్సిందే. కారణం అడిగితే పెళ్లి పిలుపులకు వెళ్తున్నామని రాయొచ్చు, అబద్ధమేమీ కాదు.