హాల్లో పెట్టె, టెక్సాస్‌లో కేసు

మార్షల్ అనే ఊళ్లో ఉన్నారు మీరు. తూర్పు టెక్సాస్, పట్టుమని పాతిక వేల జనాభా లేని ఊరు. తేదీ 2006 ఏప్రిల్ 13, గురువారం. ఫెడరల్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద చోటు దొరికింది. ముందు రెండు బల్లలు: ఒకదాని దగ్గర కాలిఫోర్నియా నుంచి వచ్చిన టీవో లాయర్లు, రెండోదాని దగ్గర కొలరాడో నుంచి వచ్చిన ఎకోస్టార్ లాయర్లు. డిష్ నెట్‌వర్క్ పేరుతో అమెరికా అంతటా ఇళ్లమీద గొడుగులు బిగించినది ఎకోస్టారే. ఇంత దూరం, ఇంత చిన్న ఊరికి వచ్చి కొట్లాడుకోవడమేమిటంటే, ఇక్కడ పేటెంటు కేసులు చకచకా తేలతాయనీ, జ్యూరీలు పేటెంటు ఉన్నవాడి వైపు మొగ్గుతాయనీ పేరు. ఆ ఏడాదే ఇక్కడి పశువుల ప్రదర్శనలో టీవో 10,000 డాలర్లు పోసి ఛాంపియన్ కోడెను కొన్నది. టీవీ పెట్టెలు అమ్ముకునేవాళ్లకు కోడెతో ఏం పని అని అడక్కండి. జ్యూరీలో కూర్చునేది ఈ చుట్టుపక్కల జనమే.

తీర్పు చదువుతున్నారు. ఎకోస్టార్ టీవో పేటెంటును ఉల్లంఘించింది, అదీ తెలిసే చేసింది. నష్టపరిహారం 7,39,91,964 డాలర్లు.

జడ్జి డేవిడ్ ఫోల్సమ్ కాగితాలు సర్దుకుంటుండగా మనం ఒక్కసారి డిష్ చందాదారు ఇంటికి పోదాం. డల్లాస్ పక్కన ఇర్వింగ్ అనుకోండి, బాల్కనీలో గొడుగు, టీవీ కింద డీవీఆర్ అనే నల్ల పెట్టె. ఆఫీసు టైములో వచ్చే కార్యక్రమాన్ని అది దాచిపెడితే, రాత్రి భోజనాలప్పుడు ప్రకటనలు దాటేసుకుంటూ చూసే ఇల్లు. మూత తీయండి. నిజంగా తీస్తే కంపెనీవాడు ఒప్పుకోడు, ఊహలోనే తీయండి. కంప్యూటర్లో ఉండే హార్డ్ డిస్కే ఇందులోనూ తిరుగుతోంది, చేయి ఆనిస్తే సన్నగా అదురు తెలుస్తుంది. మీరు రికార్డు నొక్కకపోయినా అది ఊరుకోదు. చూస్తున్న చానల్‌ను ఎప్పటికప్పుడు డిస్క్ మీదికి ఎక్కిస్తూనే ఉంటుంది. ఫోను మోగి పాజ్ నొక్కినప్పుడు బొమ్మ ఆగేది, తిరిగొచ్చి నొక్కితే ఆగినచోటి నుంచి నడిచేది అందువల్లే.

ఇది ఇవాళ చిన్న సంగతి. 1998లో కాదు. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసి బయటికొచ్చిన జిమ్ బార్టన్, మైక్ రామ్సే పెట్టిన కంపెనీ టీవో. 1999లో వాళ్లు మార్కెట్లోకి తెచ్చిన పెట్టెలో ఉన్నది 54 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 16 ఎంబీ మెమరీ. 14 గంటలు రికార్డు చేసే పెట్టె ఖరీదు 499 డాలర్లు, 30 గంటలదైతే 999. అంత నీరసమైన చిప్పుతో ఒకే డిస్క్ మీద ఒకవైపు రాస్తూ, అదే క్షణంలో ఇంకోవైపు చదువుతూ, బొమ్మ తడబడకుండా చూపించాలి. కిటుకు ఎక్కడంటే, వచ్చే డేటాలో ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో ముందే గుర్తులు పెట్టుకోవడం, డిస్క్ ఆలస్యమైతే వెనకాల డేటా పొంగిపోకుండా ఆపడం. ఇది పొలాల మధ్య తూము లాంటిది: కింది మడిలో చోటుంటేనే పై మడి నీళ్లు దిగుతాయి. 1998 జులై 30న దరఖాస్తు పెడితే, 2001 మే 15న 6,233,389 నంబరుతో పేటెంటు చేతికొచ్చింది. లాయర్లందరూ దాన్ని చివరి మూడంకెలతో 389 అనే పిలుస్తారు. 2004 జనవరిలో టీవో కోర్టుకెక్కింది ఈ 389ను పట్టుకునే.

2006 ఆగస్టు 17. ఫోల్సమ్ ఉత్తర్వు వచ్చింది. ఉల్లంఘించిన మోడళ్లు వరసగా ఉన్నాయి, 501, 508, 510, 522, 625... వాటిలో డిస్క్ మీద రాసే పనీ, డిస్క్ నుంచి చూపించే పనీ 30 రోజుల్లో ఆపేయాలి. కొత్తవి అమ్మొద్దనడం వేరు, ఇప్పటికే జనం ఇళ్లలో ఉన్నవాటిని కూడా చంపేయమనడం వేరు. పరిహారం లెక్కలోకి వచ్చిన 1,92,708 పెట్టెలకు మాత్రం మినహాయింపు. మరి మీ టీవీ కింద పెట్టె ఆ 1,92,708లో ఒకటా, కాదా? మీకు తెలిసే దారి లేదు. కేసులో మీ పేరు లేదు, మీ తరఫున వాదించే లాయరు లేడు. కాగితాల్లో మీరొక "యూనిట్" పెట్టుకున్న "ఎండ్ యూజర్". అయినా రెండు పక్షాలకూ మీరే కావాలి. అన్ని ఇళ్లలో రికార్డింగు ఆగిపోతుందన్న భయమే టీవో చేతిలో కొరడా. అదే భయాన్ని చూపించి గడువు తెచ్చుకోవడం ఎకోస్టార్‌కు అవసరం. చందాదారుల గోడు గురించి అన్ని పేజీలు రాసినవాళ్లెవరూ చందాదారుణ్ని అడగలేదన్నది నా ఫిర్యాదు.

వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, అప్పీలు తేలేదాకా ఆ ఉత్తర్వును నిలిపేసింది. పెట్టె తిరుగుతూనే ఉంది.

ఈలోగా మీకు తెలియకుండా మీ ఇంట్లో ఒకటి జరిగిపోయింది. సినిమా వచ్చే గొడుగులోంచే కొత్త సాఫ్ట్‌వేర్ కూడా వస్తుంది. వచ్చింది, పెట్టె మార్చుకుంది. పొద్దున రిమోట్ నొక్కితే అన్నీ మామూలే. 15 మంది ఇంజనీర్లను ఏడాదిపాటు కూర్చోబెట్టి, 8,000 గంటలు పనిచేయించి పేటెంటును తప్పించుకున్నామని ఎకోస్టార్ వాదన. పాత పద్ధతిలో ఫ్రేము మొదలయ్యే సంకేతాన్ని వెతికి గుర్తు పెట్టుకునేది, కొత్తదాంట్లో అదెక్కడుంటుందో సగటు లెక్కల మీద అంచనా వేస్తుంది. తూము స్థానంలో వలయంగా తిరిగే పది బఫర్లు పెట్టారు. 2008 జనవరి 31న అప్పీలు కోర్టు సాఫ్ట్‌వేర్ విషయంలో టీవోకే గెలుపిచ్చిన రోజున ఎకోస్టార్ ఈ మార్పు సంగతి బయటపెట్టింది: కొత్త సాఫ్ట్‌వేర్ చందాదారుల పెట్టెల్లోకి ఎప్పుడో వెళ్లిపోయింది, మీరు గెలిచింది పాతదాని మీద. పేకముక్కలు లెక్కపెడుతున్నాడని లేక్ టాహో క్యాసినోవాళ్లు బయటికి పంపేసిన చార్లీ ఎర్గెన్ ఈ కంపెనీ పెట్టినాయన అని తెలిస్తే ఈ ఎత్తు ఆశ్చర్యం కలిగించదు. సుప్రీంకోర్టు కేసు తీసుకోనన్నాక ఆ అక్టోబరులో వడ్డీతో కలిపి సుమారు 10.5 కోట్ల డాలర్లు మాత్రం కట్టేశారు.

2009 ఫిబ్రవరి. ఇర్వింగ్ నుంచి ఇంటర్‌స్టేట్ 30 పట్టుకుని ఈశాన్యంగా మూడు గంటలు పోతే టెక్సర్కానా. ఇక్కడి ఫెడరల్ భవనం సగం టెక్సాస్‌లో, సగం ఆర్కన్సాలో ఉంటుంది. ఈసారి జ్యూరీ లేదు, ఫోల్సమ్ ఒక్కరే. పెట్టెలు ఆపమన్న 2006 ఉత్తర్వు విషయంలో కోర్టు ధిక్కారం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. ఉపగ్రహం నుంచి వచ్చే 188 బైట్ల ప్యాకెట్ల గుంపులోంచి ఒక్క చానల్‌వి ఏరుకునే ఫిల్టరు గురించి గంటల కొద్దీ వాదన. ఆ ఏరడం కూడా పేటెంటులో చెప్పిన విడదీయడమేనంటుంది టీవో. విన్నవాళ్లలో ఎందరికి అర్థమైందో గానీ, జూన్ 2న జడ్జి టీవో మాటే నిలబెట్టారు. కొత్త సాఫ్ట్‌వేర్‌దీ ఉల్లంఘనే. పైగా ఆపమన్న పెట్టెలను ఆపలేదు, అదింకో ధిక్కారం. తర్వాత సెప్టెంబరులో అన్నీ కూడి ఇంకో 20 కోట్ల డాలర్లు, ఒక్కో డీవీఆర్ చందాదారుకు నెలకు 2 డాలర్ల 25 సెంట్ల లెక్కన. చూశారా, చివరికి జరిమానా కొలిచింది కూడా మీ తలతోనే. పెట్టెలు ఆపే ఆజ్ఞ మళ్లీ అప్పీలులో ఆగింది.

2011 ఏప్రిల్ 20. వైట్‌హౌస్‌కు కూతవేటు దూరంలోని అప్పీలు కోర్టు, ఈసారి జడ్జీలందరూ కలిసి ఇచ్చిన తీర్పు. మొదటి సగం ఎకోస్టార్‌కు ఊరట: కొత్త సాఫ్ట్‌వేర్‌కూ పాతదానికీ నిజంగా తేడా ఉందా అన్నది మళ్లీ తేల్చాలి. జ్యూరీ ముందు ఏ భాగం ఉల్లంఘనగా రుజువైందో దాని బదులు పెట్టినదాన్నే పోల్చి చూడాలి గానీ, ధిక్కారం దగ్గరికొచ్చాక ఎప్పటినుంచో ఉన్న ఫిల్టరును కొత్తగా పట్టుకుంటే కుదరదు. రెండో సగంలో జడ్జీలు చీలిపోయారు, ఏడుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ఏడుగురి మాట సూటిగా ఉంది: ఉత్తర్వులో మోడళ్ల పేర్లున్నాయి, వాటిలో రికార్డింగు ఆపమన్నారు, మీరు ఆపలేదు. సాఫ్ట్‌వేర్ మార్చామని మీకు మీరే మినహాయింపు ఇచ్చుకోవడం ఏమిటి? ఉత్తర్వు మరీ విస్తారమనుకుంటే అప్పుడే అప్పీలు చేసుకోవాల్సింది. ఐదుగురికి ఆ ఉత్తర్వు భాషే స్పష్టంగా లేదనిపించింది. నాకైతే ఏడుగురి వాదనే గట్టిది, కానీ దాని ఫలితం పడేది తప్పు చేయని ఇళ్ల మీద.

పడలేదు. 2011 మే 2న రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. ఎకోస్టార్ పక్షం టీవోకు 50 కోట్ల డాలర్లు ఇస్తుంది, 30 కోట్లు వెంటనే, మిగతాది 2012 నుంచి 2017 దాకా ఆరు వాయిదాల్లో. బదులుగా లైసెన్సు. ఇర్వింగ్‌లో పెట్టె ఒక్క రాత్రి కూడా ఆగలేదు. నెలనెలా బిల్లులో డీవీఆర్ ఫీజు ఆగలేదు. టీవో లాయర్లకూ ఖాళీ లేదు. అదే 389తో ఏటీ అండ్ టీ మీదా, వెరిజాన్ మీదా 2009లోనే కేసులు వేసి ఉన్నారు, టెక్సాస్‌లోనే. మొదటిది 2012 జనవరిలో 21.5 కోట్ల డాలర్లకు, రెండోది సెప్టెంబరులో 25 కోట్ల పైచిలుకుకు తెగాయి.