స్లో కుక్కర్

తక్కువ వేడి మీద గంటల తరబడి వంటను మగ్గనిచ్చే విద్యుత్ పాత్ర. దాలిలో పిడకల సెగకు పాలు కాగడం చూసినవారికి దీని కిటుకు కొత్తేమీ కాదు. అమెరికాకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ 1940లో దీనికి పేటెంటు పొందాడు. శనివారం నిప్పు రాజేయని యూదుల ఇళ్లలో రాత్రంతా ఉడికే చోలెంట్ అనే వంటకం గురించి తల్లి చెప్పిన ముచ్చట్లే అతనికి ప్రేరణ. 1971లో రైవల్ సంస్థ క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి తెచ్చాక, ఉద్యోగాలకు వెళ్లేవారి వంటిళ్లలో ఇది స్థిరపడింది. పొద్దున పప్పో మాంసమో వేసి వెళితే సాయంత్రానికి కూర సిద్ధం. నీరు అంతగా ఇగరదు కనుక వేపుళ్లకు దండగ. రాజ్మాను మాత్రం నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు తెర్లించాకే ఇందులో వేయాలి. లేకుంటే గింజల్లోని లెక్టిన్ అనే విషపదార్థం నశించక వాంతులవుతాయి.