దెబ్బ తగలక ముందే వేయించాల్సిన సూది

మగ్గాల ఊరు ఈపురుపాలెంలో పిల్లవాడి కాలికి మేకు దిగితే, పెద్దవాళ్లు ముందు చూసేది దానికి తుప్పు పట్టిందా అని. ధనుర్వాతానికి తుప్పుతో పని లేదు. మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి నిలిచే క్లాస్ట్రీడియం టెటని అనే క్రిమి బీజాలు గాలి ఆడని గాయంలో పడితే చాలు, విషం తయారవుతుంది. సాధారణంగా వారం పది రోజులకు దవడలు బిగుస్తాయి, వెన్ను వంగిపోతుంది. స్పృహ మాత్రం పోదు. ప్రతి ఈడ్పూ బిడ్డకు తెలుస్తూనే ఉంటుంది.

సుశ్రుతుడి కాలానికే తెలిసిన ఈ జబ్బు కారక క్రిమిని 1889లో శాస్త్రవేత్త కిటసాటో విడిగా పెంచగలిగాడు. మరుసటి ఏడు మరో శాస్త్రవేత్త బేరింగ్‌తో కలిసి విరుగుడు సీరం సంగతి ప్రకటించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రాల రక్తం నుంచి తీసిన సీరం ఎందరో సైనికులను కాపాడింది. కానీ దాని బలం కొన్ని వారాలే. ఒంట్లోనే రక్షణ పెంచే టాక్సాయిడ్‌ను 1924లో ఫ్రాన్సులో దెకోంబే తయారుచేశాడు.

అది మన పల్లెల పిల్లలందరి కోసం రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా ఎందరో పురిటి బిడ్డలు పోయారు. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి, పేడో బూడిదో అద్దేవారు. రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ వారం తిరక్కుండా చన్ను పట్టలేకపోయేది. 1978లో పిల్లలకు ధనుర్వాతపు టీకా కలిసిన డీపీటీ, 1983లో గర్భిణులకు ధనుర్వాతపు టీకా టీటీ జాతీయ కార్యక్రమంలోకి వచ్చాయి. కాన్పులూ క్రమంగా ఆసుపత్రులకు మారాయి. 2003లో దేశంలో అందరికంటే ముందు ఆంధ్రప్రదేశ్ నవజాత శిశు ధనుర్వాతాన్ని ప్రతి జిల్లాలో వెయ్యి జననాలకు ఒకటి కన్నా తక్కువకు దించింది. దేశమంతా ఆ స్థాయికి రావడానికి 2015 దాకా పట్టింది. ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, ఏఎన్ఎంల ఈ విజయాన్ని మనం తగినంతగా చెప్పుకోలేదు.

అయినా మశూచిలా దీన్ని తుడిచేయలేం, బీజాలు మట్టిలోనే ఉంటాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు కనుక, ఊరంతా టీకాలు వేయించుకున్నా వేయించుకోని ఒక్క పిల్లకు రక్షణ లేదు. టీకానే ఎరగని బిడ్డకు దెబ్బ తగిలాక వేసే ఒక్క సూది సమయానికి అక్కరకు రాదు. అందుకే మురికి గాయమైతే దానితోపాటు వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. జబ్బు వచ్చి తగ్గినవాళ్లకూ టీకా తప్పదు.

6, 10, 14 వారాలకు వేసే టీకా పెంటావాలెంట్‌తో పని అయిపోయిందనుకుని బూస్టర్లు మానేయకూడదు. 16–24 నెలల మధ్య, మళ్లీ అయిదేళ్లకు డీపీటీ, 10, 16 ఏళ్లకు టీడీ టీకా ఉన్నాయి. మధ్యలో ఒకటి తప్పినా మొదటి నుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు.