గుర్రం నడకను ఎవరు చదివారు?

పటేల్‌గూడలో పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే మా వీధికి డీజే కంటే ముందు గిట్టల చప్పుడు వస్తుంది. బ్యాండు వాళ్ళు, జనరేటర్ బండి, దీపాల గొడుగులు మోసే పిల్లలు ఫంక్షన్ హాలు దగ్గర కలిసేదాకా బరాత్ గుర్రం మా గేటు పక్కనున్న వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. తెల్ల ఆడగుర్రం. మెడలో పూసలు, నుదుటి మీద అద్దాల పట్టీ. దాన్ని తెచ్చే పెద్దాయన్ని వీధంతా చాచా అంటుంది, నేనూ అంతే.

పోయిన మాఘమాసంలో ఒక రాత్రి ఆ గుర్రం నడకలో ఏదో తేడా ఉందనిపించింది. తేడా ఏమిటో చెప్పమంటే చెప్పలేను. చాచాని అడిగాను. ఆయన దాని వైపు కూడా చూడలేదు. "ముందటి ఎడమ కాలు బేటా. పొద్దుగాల్నుంచి గట్లనే ఉంది" అన్నాడు. చూడకుండా ఎలా తెలిసిందంటే, "చూసుడెందుకు, వినబడ్తలేదా?" అన్నాడు.

నాకు వినపడలేదు. నా ఉద్యోగం సెన్సర్లతో. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మోటార్లకు, పంపులకు కంపనాలు కొలిచే పరికరాలు బిగిస్తాను. బేరింగ్ పాడవబోతుంటే మోటారు వణుకులో ముందే తెలుస్తుంది. మోటారు వణుకు చదవగలిగినవాడికి గుర్రం నడక ఎందుకు చదవరాదు? ఈ ప్రశ్న పట్టుకుని పోతే వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాల్సివచ్చింది.

*

మన దేశంలో గుర్రపు వైద్యానికి ఆదిపురుషుడిగా చెప్పే పేరు శాలిహోత్రుడు. ఆ పేరే జనం నోళ్ళలో నలిగి హిందుస్తానీలో 'సలోత్రి' అయింది. సలోత్రి అంటే గుర్రాల డాక్టరు. చాచా వాళ్ళ తాతని అందరూ సలోత్రి సాబ్ అనేవారట. సంస్కృత ఋషి పేరు ఒక ముస్లిం కుటుంబంలో బిరుదుగా మిగలడం నాకు వింతగా తోచింది గానీ, దక్కన్ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. శాలిహోత్ర గ్రంథాలు సుల్తానుల కాలంలో పారశీకంలోకి వెళ్ళాయి. గుర్రం ఎవరిదైనా రోగం ఒక్కటే కదా.

మన వాళ్ళకి ఇంకా దగ్గరి పేరు నకులుడు. విరాటుడి కొలువులో మారుపేరుతో గుర్రాలశాల చూసుకున్నవాడు. అశ్వచికిత్స మీద ఒక సంస్కృత గ్రంథం ఆయన పేరు మీదే ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ గ్రంథం రాశాడు. ఈ శాస్త్రాలన్నిటిలో నడకకి పెద్దపీట. అమరకోశం గుర్రపు గతుల్ని 'ధారలు' అని ఐదుగా విడదీసింది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. చాచా వీటినే తన మాటల్లో కదం, దుల్కీ, సర్పట్ అంటాడు. ఇన్ని పేర్లు ఎందుకు పెట్టుకున్నారు? నడక తేడా పడితే గుర్రం పోతుంది, గుర్రం పోతే డబ్బు పోతుంది, యుద్ధమూ పోతుంది.

ఆ డబ్బు మాటలు కాదు. దక్కన్ ఎండకి, మేతకి మంచి గుర్రాలు పెరగవు. అరేబియా నుంచి, పర్షియా నుంచి ఓడల మీద రావాల్సిందే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడికి ఏటా వేల గుర్రాలు వస్తాయనీ, సరిగా చూసుకోవడం తెలియక ఏడాది తిరిగేలోపు చాలావరకు చచ్చిపోతాయనీ అంటాడు. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వెంట గుర్రపు వైద్యుల్ని తీసుకురారు, రానివ్వరు కూడా అని ఒక మాట చేర్చాడు. గుర్రాలు చస్తుంటేనే కదా మళ్ళీ కొంటారు.

మార్కో పోలో చెప్పిందంతా నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకుంటారు. నన్ను పట్టుకున్నది ఆ ఆరోపణలో ఉన్న తర్కం. జబ్బు ఎవరికి ముందు తెలుస్తుంది, తెలిసినవాడు చెప్తాడా దాస్తాడా అన్నది వైద్యం ప్రశ్న ఒక్కటే కాదు, వ్యాపారం ప్రశ్న కూడా. విజయనగరం సంగతి ఇంకా ఘాటుగా ఉంటుంది. తానే గుర్రాల వర్తకుడైన పోర్చుగీసు ఫెర్నావ్ నూనిజ్ 16వ శతాబ్దంలో రాసిన వృత్తాంతం ప్రకారం, సాళువ నరసింహుడు ఓర్ముజ్ గుర్రాల్ని బతికినా చచ్చినా కొనేవాడు. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదాని ధరే ఇచ్చేవాడు. తోకే రసీదు. బతికున్నప్పుడు దానికేమైందో చెప్పేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళూ లేరు.

*

గుర్రం ఒంటి మీద మొదటి సెన్సర్ ఎప్పుడు కట్టారు? పదేళ్ళో ఇరవయ్యేళ్ళో అయుంటుందనుకున్నాను. నూటయాభై ఏళ్ళు దాటింది.

ఎతియెన్ జూల్ మారే ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త. కంటికి కనపడని కదలికల్ని గీతలుగా మార్చడం ఆయన పిచ్చి. 1873లో అచ్చయిన ఆయన పుస్తకం 'లా మషీన్ అనిమాల్'లో గుర్రం మీద చేసిన ప్రయోగం ఉంది. గిట్ట కింద ఒక రబ్బరు తిత్తి. అడుగు నేల మీద పడగానే తిత్తి నొక్కుకుని, లోపలి గాలి ఒక గొట్టం గుండా రౌతు చేతిలో ఉన్న పెట్టెలోకి వెళ్తుంది. అక్కడ సన్నటి సూది లేచి, తిరుగుతున్న మసి కాగితం మీద గీత గీస్తుంది. నాలుగు కాళ్ళకి నాలుగు గీతలు. కాలు ఆనినంతసేపూ గీత పైకి లేచి ఉంటుంది, కాలు లేస్తే కిందికి దిగుతుంది. నాలుగూ ఒకేసారి దిగిన చోట గుర్రం గాల్లో ఉన్నట్టు.

దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ నేల వదులుతుందా అన్నది అప్పట్లో పెద్ద తగువు. చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ చాపి, ఎగిరిపోతున్నట్టు వేసేవాళ్ళు. జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ బొమ్మలో గుర్రాలన్నీ అలాగే ఉంటాయి. మారే గీతలు గుర్రం గాల్లో ఉండే క్షణం ఉందన్నాయి. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లేలండ్ స్టాన్‌ఫర్డ్ డబ్బుతో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి ఫొటోలు తీశాడు. గాల్లో ఉన్న మాట నిజమే. కాకపోతే కాళ్ళు చాపుకుని ఉన్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. వందల ఏళ్ళు వేసిన బొమ్మలు తప్పయిపోయాయి.

ఈ కథలో మైబ్రిడ్జ్ ఫొటోలు అందరికీ గుర్తున్నాయి. మారే రబ్బరు తిత్తి ఎవరికీ గుర్తులేదు. ఇవాళ్టి సెన్సర్లకి అసలు తాత ఆ తిత్తే.

*

ఆ గీతల విద్య హైదరాబాదుకి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పటికి నగరంలో గుర్రాలకి కొదవలేదు. మౌలాలిలో 1868లో మొదలైన పందేలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకి మారాయి. అయితే గీతలు వచ్చింది పందెపు మైదానానికి కాదు, ఆపరేషన్ గదికి.

క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు రోగులు బల్ల మీదే ఎందుకు చచ్చిపోతున్నారు? ముందు ఆగేది ఊపిరా, గుండెనా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని నమ్మాడు. 1889లో నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది, 'లాన్సెట్' పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాదు వైద్యురాలు రూపాబాయి ఫర్దూంజీ కూడా ఆ పనిలో ఉంది. వందల జంతువులకి క్లోరోఫామ్ ఇచ్చారు. ఎక్కువ కుక్కలే, కొన్ని గుర్రాలూ ఉన్నాయి. చాలా ప్రయోగాల్లో రక్తపోటు తిరిగే డోలు మీద గీతగా నమోదైంది. మారే వాడిన విద్యే ఇది.

గీతలు లారీ పక్షాన నిలిచాయి. ముందు ఊపిరి ఆగుతుంది, తర్వాతే గుండె. కాబట్టి ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి మీద ధ్యాస అక్కర్లేదన్నారు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యపత్రికల్లో మోగింది.

తర్వాత 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి బయటపెట్టాయి. మత్తు బాగా లోతుగా ఉన్నప్పుడు ఊపిరే ముందు ఆగుతుంది, నిజమే. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు మాత్రం గుండె ఒక్కసారిగా లయ తప్పి, వణికి, ఆగిపోవచ్చు. హైదరాబాదు గీతల్లో అబద్ధం లేదు. వాళ్ళు మత్తు మోతాదు పెంచుతూ పోయిన జంతువుల్ని కొలిచారు, ఆ జంతువుల గురించి గీత నిజమే చెప్పింది. బల్ల మీద అరమత్తులో ఉన్న మనిషి గురించి ఆ గీతని ఎవరూ అడగలేదు.

నా ఉద్యోగంలో చేరే కుర్రాళ్ళకి నేను మొదట చెప్పాల్సిన కథ ఇదేననుకుంటాను.

*

ఇప్పటి పరికరాలు అగ్గిపెట్టె అంత ఉంటాయి. కదలిక వేగం ఎంత మారిందో కొలిచే యాక్సిలరోమీటరు, ఎంత తిరిగిందో కొలిచే గైరోస్కోపు. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో కెవిన్ కీగన్ బృందం తయారుచేసిన పద్ధతిలో మూడు సెన్సర్లు చాలు: తల మీద ఒకటి, తుంటి మీద ఒకటి, ముందు కుడికాలి గిట్ట పైన ఒకటి. ముందు కాలు నొప్పిగా ఉన్న గుర్రం, ఆ కాలు ఆనేటప్పుడు తల పైకెత్తి బరువు తప్పిస్తుంది, మంచి కాలు మీద తల దించుతుంది. బాగా కుంటితే ఎవరికైనా కనపడుతుంది. కొద్దిగా కుంటితే అనుభవమున్న డాక్టర్ల మధ్యే మాట కలవదు, సెన్సరు అక్కడే పనికొస్తుంది. పందెపు గుర్రాలకైతే జీను కింది గుడ్డలో పెట్టే పెట్టెలు, గుండె కొట్టుకోవడం లెక్కించే పట్టీలు ఉన్నాయి. నిమ్మళంగా నిలబడ్డ గుర్రానికి గుండె నిమిషానికి ముప్పై, నలభై సార్లు కొట్టుకుంటుంది. పూర్తి దౌడులో రెండువందలు దాటుతుంది. పరుగు ఆపాక ఆ అంకె ఎంత త్వరగా దిగుతుందన్నదే ఆరోగ్యానికి కొలత. ఎముక విరిగే ముందు నడకలో వచ్చే చిన్న తేడాని పట్టుకోగలిగితే ఒక గుర్రం బతుకుతుంది, దాని మీదున్న జాకీ కూడా.

ఇవేవీ చాచా గుర్రం దాకా రావు. నా దగ్గర పాత ఫోను ఉంది, ఫోన్లో యాక్సిలరోమీటరు ఉంది. ఒక ఆదివారం పొద్దున అడిగాను. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. జీను వెనక నడుం మీద ఫోను పెట్టి, పాత చున్నీతో బిగించాం. మట్టిదారిలో చాచా కళ్ళెం పట్టుకుని పరిగెత్తాడు, గుర్రం దుల్కీలో పక్కనే వచ్చింది. దుల్కీలో కాళ్ళు ఐమూలగా జంటలు జంటలుగా పడతాయి కాబట్టి ఒక్కో చుట్టుకి నడుం రెండుసార్లు లేచి దిగుతుంది. ఆరోగ్యంగా ఉంటే రెండు అలలూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. గీత తీసి చూస్తే ఒక అల పెద్దది, ఒక అల చిన్నది. చుట్టు చుట్టుకీ అంతే.

సంబరంగా చూపించాను. "ఏ కాలు?" అన్నాడు చాచా.

చెప్పలేకపోయాను. ఉన్నది ఒకటే సెన్సరు. ఏ అల ఏ కాళ్ళ జంటదో తెలియాలంటే కాలికి కూడా ఇంకోటి కట్టాలి. కీగన్ మూడోది ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. పొద్దున్నే చెవితో విని కాలు పేరు చెప్పిన మనిషి ముందు, కుంటు ఉందని మాత్రం చెప్పగలిగిన ఫోను పట్టుకుని నిలబడ్డాను.

ఆయన ఎగతాళి చేయలేదు. గీతని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఇది ఎవ్వరికి చూపిస్తవ్ బేటా?"

ఎవరికీ చూపించనన్నాను. "మంచిది. బ్యాండోళ్ళకి తెలిస్తే ఈ సీజన్ ఖతం. వేరే గుర్రాన్ని పిలుస్తరు. దీనికి దాణా నేనే పెట్టాలె." గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని సామెత. కుంటిదైనా అంతే కదా.

నాకు మార్కో పోలో వర్తకులు గుర్తొచ్చారు. కాకపోతే ఇక్కడ జబ్బు దాస్తున్నవాడు లాభం కోసం దాచట్లేదు. కొన్నాళ్ళ క్రితం నాకో ఉద్యోగంలో చేతికి పట్టీ ఇచ్చారు, ఎన్ని అడుగులు వేస్తున్నామో, ఎంతసేపు పడుకుంటున్నామో లెక్క పెట్టడానికి. ఆరోగ్యం కోసమే అన్నారు. ఆ లెక్క ఎవరు చూస్తారని అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఆ వారం నుంచి రాత్రి పట్టీ తీసేసి పడుకునేవాణ్ణి. చాచా అడిగింది ఆ ప్రశ్నే.

అంతటితో సెన్సర్లు వద్దనలేను. ఇదే పటాన్‌చెరులో నక్కవాగు నీళ్ళు పాడయ్యాయని ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి చోట నోటిమాట చాలదు. అంకె కావాలి, కాగితం కావాలి. కొలవకపోతే లేనట్టే లెక్క. కొలత బలహీనుడికి ఆయుధమూ అవుతుంది. అది ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

ఆ గీతని పశువుల డాక్టరుకి ఒక్కడికే చూపిద్దామని చాచాని ఒప్పించడానికి రెండు ఆదివారాలు పట్టింది. డాక్టరు గీతని ఒకసారి చూసి పక్కన పెట్టి, ముందు ఎడమ గిట్ట ఎత్తి, పట్టకారుతో చుట్టూ నొక్కుతూ వచ్చాడు. ఒకచోట గుర్రం కాలు లాక్కుంది. లోపల చీము. నాల్ తీసి, గిట్ట కొద్దిగా చెక్కి, చీము వదిలించి, కట్టు కట్టాడు. మూడు వారాలు సిమెంటు రోడ్డు ఎక్కించొద్దన్నాడు. చాచా మూడు పెళ్ళిళ్ళు వదులుకున్నాడు. అందులో ఒకదాని బయానా తిరిగి ఇచ్చేశాడు.

నెల తర్వాత గుర్రం మళ్ళీ వేపచెట్టు కిందికి వచ్చింది. ఫోను తెమ్మంటావా అన్నాను. వద్దన్నాడు. కళ్ళెం పట్టుకుని రోడ్డు మీద పది అడుగులు నడిపించి, "ఇను" అన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాను. టక్, టక్, టక్, టక్. నాలుగూ ఒకేలా ఉన్నాయనిపించింది. నిజంగా విన్నానో, వినాలనుకున్నది విన్నానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.