పాత డబ్బా, కొత్త బొమ్మ



మొన్న ఆదివారం ఇల్లు సర్దుతుంటే అటక మీద నుంచి ఏడు ఖాళీ డబ్బాలు దిగాయి. పాలపొడివి కొన్ని, బిస్కట్లవి కొన్ని. పాత సామాన్ల బండి వస్తే ఇచ్చేద్దామని గడప పక్కన పెట్టాను. మా చిన్నవాడు అందులో ఒక మూత తీసుకుని పుల్లతో కొట్టి చూసి, "అమ్మా, డప్పు లెక్కనే మోగుతున్నది" అన్నాడు. ఇంకేముంది, డబ్బాలు బండికి పోలేదు. సాయంత్రానికల్లా వాటిలో మూడు కలిసి డప్పు కొట్టే మనిషి అయ్యాయి. ఆ బొమ్మ గురించీ, దాని వెనుక ఉన్న మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చేతిపనుల గురించీ ఈ పూట చెప్పుకుందాం.

ముందు డబ్బా సంగతి చూద్దాం. ఆహారాన్ని రేకు డబ్బాలో పెట్టి నిలవ చేసే పద్ధతికి 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. చిత్రమేమిటంటే, డబ్బా వచ్చిన తర్వాత దాదాపు యాభై ఏళ్లకు గాని దాన్ని తెరిచే పనిముట్టు రాలేదు. అంతవరకూ ఉలీ సుత్తే గతి! ఇనుప రేకు తుప్పు పట్టకుండా పైన పల్చగా తగరం పూసేవారు. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుందని మన నాయనమ్మలు కళాయి పోయించుకునేవారు కదా, ఆ కళాయి కూడా తగరమే.

డాల్డా మన దేశంలోకి 1937లో వచ్చింది. నెయ్యిలాంటిదేనా కాదా అని ఇళ్లల్లో ఎన్ని వాదనలు జరిగినా, ఆ డబ్బాను మాత్రం కాదన్నవాళ్లు లేరు. ఖాళీ అయితే పప్పులకు పనికొచ్చింది, పాతబడితే తులసి మొక్కకు కుండీ అయింది. వస్తువు పని అయిపోయిందంటే దాని బతుకు అయిపోయిందని మన ఇళ్లల్లో ఎవరూ అనుకోలేదు.

ఈ బుద్ధి ఇళ్లల్లోనే కాదు, కళాకారుల దగ్గరా ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లానే తీసుకోండి. 2016లో అది నాలుగు జిల్లాలయింది. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న జైనూరు మండలంలో ఓజాలనే పనివారున్నారు. గోండుల దేవతా ప్రతిమలు, గంటలు, దీపాలు చేసేది వీరే. ఈ పనిని డోక్రా అంటారు. వీరు వాడే లోహం చాలావరకు పాత ఇత్తడే. చిల్లు పడ్డ చెంబూ, విరిగిన గరిటె మూసలో కరిగి ఏనుగో, గుర్రమో అవుతాయి.

పని తీరు చెబుతాను వినండి. మొదట మట్టితో బొమ్మ ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం లాంటి బంక కలిపి, సేమ్యా లాగా సన్నని తీగలు తీసి, ఆ మట్టి మీద వరుసగా చుడతారు. దానిపైన మళ్లీ మట్టి పూసి, ఒకచోట రంధ్రం ఉంచుతారు. కాల్చినప్పుడు మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు. ప్రతి బొమ్మకూ అచ్చు పగలవలసిందే గనుక ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నర్తకి ప్రతిమ కూడా ఇలా మైనం కరిగించి పోసినదే. దానికి సుమారు 4500 ఏళ్లు, ఎత్తు జానెడైనా లేదు.

నిర్మల్ బొమ్మల వారినీ చూడండి. మెత్తని పొణికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. రంపపు పొట్టును కూడా పారెయ్యరు. చింతగింజల అంబలిలో కలిపి ముద్ద చేసి, దానితోనే బొమ్మ భాగాలను అతుకుతారు. మన కరీంనగర్ వెండి తీగ పనివారి సంగతి చెప్పేదేముంది? కంసాలి ఇంట్లో రజను ఊడ్చి పారెయ్యరని మనకందరికీ తెలిసిందే.

ఇక మా డప్పు మనిషి. మూత నొక్కిపెట్టే డబ్బాలైతే అంచులు కోసుకోవు, అవే మంచివి. పురుగుల మందు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వద్దు. వేడినీళ్లతో, సబ్బుతో జిడ్డు పోయేలా తోమి ఎండబెట్టండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు. పెద్ద డబ్బా ఒళ్లు, చిన్న డబ్బా తల. పెద్ద డబ్బాలో తడి ఇసుక కూరితే మేకు కొట్టినప్పుడు సొట్ట పడదు. మేకు పని పెద్దవాళ్లదే సుమా! రెండు పక్కలా ఒక్కో చిల్లు పొడిచి, ఇసుక తీసేసి, లావుపాటి తీగ ఇటునుంచి అటు దూర్చి వంచితే చేతులయ్యాయి. పెద్ద డబ్బా మూతకు రెండు చిల్లులు, తల అడుగున రెండు చిల్లులు పెట్టి, సన్నని తీగతో కట్టి బిగించండి. అడుగున గుప్పెడు పొడి ఇసుక పోసి మూత నొక్కితే బొమ్మ పడిపోదు. మూడో డబ్బా మూత ఒక చేతికి కట్టారా, డప్పు సిద్ధం. రెండో చేతికి చిన్న పుల్ల. రంగులూ, మీసాలూ పిల్లలకే వదిలేయండి. మావాడు ఒక కన్ను పెద్దగా, ఒకటి చిన్నగా వేశాడు. దిద్దబోయి ఆగిపోయాను. అది వాడి బొమ్మ.

మన డబ్బా బొమ్మ ఓజాల పనికి సాటి అని నా ఉద్దేశం కాదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల పేరుకు రక్షణ దొరికింది. కానీ పని నిలవాలంటే పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలుండాలి, దాని విలువ ఎరిగి కొనేవాళ్లూ ఉండాలి. ఒక్క డబ్బాకు చేతులు అతకడానికి ఎంత ఓపిక కావాలో తెలిసిన పిల్లవాడు, రేపు ఎగ్జిబిషన్లో ఇత్తడి ఏనుగును చూస్తే ధర ఒక్కటే అడగడు. దాని ఒంటి మీద మైనపు తీగల గీతలు వెతుకుతాడు.

ఈ సెలవుల్లో మీరూ ఒక డబ్బా దించండి.